ఇద్దరి గొంతులు, ఒకే బేరం

మొన్న శనివారం ఫ్రీమాంట్‌లో మనవాళ్ల కూరగాయల కొట్టుకు వెళ్లి, వడలిన బెండకాయలకు ధర తగ్గించమంటే, కౌంటర్ దగ్గర పనిచేసే చదువుకునే పిల్ల ఫక్కున నవ్వి, "అంకుల్, ఇక్కడ కూడా బేరమా! అయినా మీ వాయిస్ ఏంటి, అంత బొంగురుగా ఉంది?" అంది. రేడియేషన్ మిగిల్చిన గొంతమ్మా ఇది అని చెప్పలేక సంచీ అందుకుని బయటపడ్డాను గాని, ఇంటికి చేరేదాకా నల్లజాతివాడైన నా మెకానిక్ మిత్రుడే కళ్లముందు మెదిలాడు.

మా వాళ్లంతా తెనాలి బజారులో బట్టల కొట్లవాళ్లే. అందుకని నేను కంప్యూటర్ల ఉద్యోగానికి వచ్చినా బేరం మాత్రం వదలలేదు. ఈ దేశం వచ్చిన కొత్తలో పాత కారు కోసం ఆ నల్లాయన షెడ్డుకు వెళ్లి ఒక పూటంతా గీచిగీచి బేరమాడి, గెలిచానని గర్వంగా ఇంటికొస్తే, ఆయనే నాకు టోపీ వేశాడని మా ఆవిడ నిమిషంలో తేల్చేసింది. నన్ను ముంచిన మొనగాణ్ణి వదులుతానా? ప్రతి ఆదివారం వెళ్లి కూర్చునేవాణ్ణి, ఒకే పెట్టెలోని సిగరెట్లు ఇద్దరం కాల్చేవాళ్లం, కొన్నేళ్లకు ఇద్దరి గొంతులూ ఇంచుమించు ఒకేసారి బొంగురుపోయాయి.

మా డాక్టరమ్మ ఎసిడిటీ మాత్రలు రాయబోతే, స్పెషలిస్టు దగ్గరికి పంపితే గాని కుర్చీలోంచి లేవనని భీష్మించాను. ఆవిడ నవ్వుతూ పంపింది, క్యాన్సర్ తొలిదశలోనే దొరికింది. అదంతా నా నోటి చలవేనని మురిసిపోయి, ఆయనకూ ఆ విద్య నేర్పి పంపాను. ఆయన ఇన్సూరెన్సు నాదానికేమీ తీసిపోదు. అదే క్లినిక్కు, అదే డాక్టరు, అవే మాటలు, నాకన్నా నెమ్మదిగానే అడిగాడట. సెక్యూరిటీని పిలిచారు.

"నువ్వు మొండికేస్తే వాళ్లకు ముద్దొస్తావు, నేను మొండికేస్తే భయమేస్తుంది" అన్నాడు నాతో. నేను నవ్వాను, ఆయన నవ్వలేదు, ఆ తరువాత చాన్నాళ్లు ఆ క్లినిక్కు గడప తొక్కలేదు. మెడమీద గడ్డ పైకి కనబడ్డాక బతిమాలి నేనే వెంట తీసుకువెళితే, ఆయన గొంతు గురించి డాక్టరమ్మ ఆయన్ని కాక నన్ను అడిగి, నేను అడిగిన వెంటనే స్పెషలిస్టుకు రాసిచ్చింది. అప్పటికే ముదిరిపోయింది.

ఆపరేషన్‌లో గొంతు తీసేశారు, మాట పోయింది, అయినా జబ్బు మళ్లీ వచ్చింది. షెడ్డులో సామాన్లు అమ్మేస్తున్నాడని తెలిసి వెళ్లి, కారు పైకెత్తే పాత జాకీ ఒకటి ముట్టుకుంటే, వేళ్లెత్తి ధర చూపించాడు. నేను బేరమాడకుండా నోట్లు తీసి ఇచ్చేసరికి, ముఖం కందగడ్డ చేసుకుని వాటిని నా ఒళ్లోకి విసిరికొట్టాడు.

"ఆయన ఇంకా బతికే ఉన్నాడయ్యా, బేరమాడు" అంది గుమ్మంలోంచి ఆయన భార్య.

బొంగురు గొంతుతో సగానికి అడిగాను. ఆయన తల అడ్డంగా ఊపి వేళ్లు చూపించాడు. సాయంత్రందాకా ఆడి, చివరికి ఆయన ధరకే కొన్నాను. ఆ చలికాలం ఆయన దాటలేదు.

ఇప్పుడు ఆసుపత్రి గోడల మీద అన్ని రంగుల ముఖాలూ నవ్వుతుంటాయి, అందరినీ ఒకేలా చూస్తామని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. గొంతు పరీక్షకు వెళ్లినప్పుడల్లా ఆ బోర్డు కింద కూర్చుని, నాలాగే బతికి బయటపడ్డ ముసలి నల్లాయన ఎవరైనా పక్క కుర్చీలో కనబడతాడేమోనని చూస్తాను. కనబడేది ఎక్కువగా నాలాంటి వాళ్లే.