పెద్దమ్మ చేసిన సర్వే

మొన్న కోటగిరి వైపు వెళ్తుంటే ఒక ఊళ్లో ఆరోగ్య ఉపకేంద్రం సాయంత్రం పూట తెరిచి కనిపించింది. అరుగు మీద ఆడవాళ్లు కఫం పరీక్ష డబ్బీలు పట్టుకుని కూర్చున్నారు. బండి ఆపి కాసేపు చూస్తూ నిలబడ్డాను. మా పెద్దమ్మ గుర్తొచ్చింది.

అప్పుడు నేను నిజామాబాద్‌లో ఒక ఆరోగ్య సంస్థలో కొత్తగా చేరాను. బీడీలు చుట్టే ఆడవాళ్లలో క్షయ ఎంత ఉందో కనుక్కోమని నాలుగు పేజీల ఫారం ఇచ్చి పంపారు. ఇంట్లో టీవీ ఉందా అన్న ప్రశ్న కూడా అందులో ఉండేది. సొంత మనుషులైతే దాచరని, బీడీలు చుట్టే మా పెద్దమ్మ ఉండే ఊరినే ఎంచుకున్నాను. ఇంటింటికీ తిరిగితే, దగ్గుతూనే దగ్గు లేదని చెప్పారు. మూడో రోజు పెద్దమ్మ ఒళ్లోని చేట పక్కకు పెట్టి, తంబాకు అంటిన వేళ్లతో నా ఫారం తిరగేసింది. "దగ్గున్నదా అనడిగితె ఎవలు సెప్తరు బిడ్డా? ఉన్నదంటె కార్ఖానల బీడీ ఆకియ్యరని భయం. దవాఖానకు ఎందుకు పోతలేరో గది అడగాలె. నువ్వు గాదు, మేం అడుగుతం" అంది.

అంతటితో నా ఫారం మూలకు పడింది. చదువు రానివాళ్లు కూడా నింపేలా ఆడవాళ్లే బొమ్మల కాగితం తయారు చేసుకున్నారు. దగ్గుకు కాకి, జ్వరానికి పొయ్యి. కాకి కాస్తా కోడిలా వచ్చిందని ఒక పూటంతా నవ్వుకున్నారు. బీడీలు చుడుతూనే ఒకరినొకరు అడిగారు. వానకాలానికి సంగతి తేలింది. పెద్ద దవాఖానలో కఫం పరీక్ష పొద్దున్నే, కార్ఖానాలో బీడీలు అప్పజెప్పేదీ పొద్దున్నే. ఆ పూట కార్ఖానాకు పోకపోతే మర్నాడు బీడీలు చుట్టడానికి తునికాకు దొరకదు. అందుకే పరీక్షకు ఎవరూ పోవడం లేదు.

ఆ కాగితాలతో జిల్లా మీటింగుకు వెళ్లాం. సర్వే ఎవరు చేశారని పెద్దాఫీసరు నన్ను చూస్తూ అడిగాడు. పెద్దమ్మ లేచింది. "మేమే సార్. మమ్ముల మేమే అడుగుకున్నం" అంది. అంతలో దగ్గు తెర వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, అది తగ్గేదాకా అలాగే నిలబడింది. తిరుగు బస్సులో ఆమె కాగితం వెతికి చూశాను. దాని మీద కాకి గుర్తు లేదు. ఎందుకని అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాగ్గూడ ఆకు గావాలె గద" అంది. నేను వెంటబెట్టుకుని దవాఖానకు తీసుకెళ్తానన్నా ఒప్పుకోలేదు. అందరితో పాటే పోతానంది. నేను ఇంకా గట్టిగా పట్టుబట్టాల్సింది.

వానకాలంలో ఇచ్చిన కాగితాలకు ఎండాకాలంలో ఉత్తర్వు వచ్చింది. బీడీలు చుట్టే ఊళ్లలో ఇకనుంచి సాయంత్రాలు పరీక్ష చేస్తారని. మొదటి రోజు వరుసలో ముందు నిలబడింది పెద్దమ్మే. మందులు మొదలుపెట్టారు గానీ, అప్పటికే ఊపిరితిత్తులు బాగా పాడైపోయాయి. మళ్లీ వానలు చూడలేదు. ఆ ఉత్తర్వు చాలా తొందరగా వచ్చిందని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత ఎన్నో ఫైళ్ల వెనక తిరిగినదాన్ని కాబట్టి, ఆ మాట నిజమేనని నాకూ తెలుసు. ఆ తొందరలోనే మా పెద్దమ్మ కాలం అయిపోయింది.