వాల్వు దగ్గర ఎర్ర గీత

పిడుగురాళ్ల సున్నపు బట్టీల పక్కన పెరిగినదాన్ని. పొగన్నా దుమ్మన్నా నాకు భయం లేదు, మనుషుల అరుపులంటే అసలే లేదు. నరసరావుపేట దగ్గర మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో షిఫ్ట్ కెమిస్ట్‌గా చేరిన రెండో ఏడు ఆ సంగతి మా ప్రొడక్షన్ మేనేజరుకి కూడా తెలిసింది.

మా సెక్షన్‌లో మూడంతస్తుల ఎత్తున నిలువు గొట్టంలాంటి కాలమ్ ఒకటి ఉంది. పైనుంచి మందు కరిగిన నీళ్లు దిగుతాయి. కిందనుంచి సాల్వెంట్, అంటే నీళ్లలో కలవని తేలికపాటి ద్రావకం, బొట్లు బొట్లుగా పైకెక్కుతూ, ఎదురొచ్చే నీళ్లలోని మందును లాక్కుంటుంది. నీళ్ల జోరు హద్దు దాటితే ఆ బొట్లు ఎక్కలేక మధ్యలోనే పోగుపడి, చివరికి నీళ్లతోపాటే కిందికి కొట్టుకుపోతాయి. దాన్నే ఫ్లడ్డింగ్ అంటాం. కాలమ్‌కి బిగించిన అద్దంలోంచి చూస్తే లోపలంతా మజ్జిగలా కనిపిస్తుంది.

దాని వాల్వులు చూసే ఆపరేటర్‌ని నేను బాబాయ్ అనేదాన్ని. చుట్టం కాదు, ఊరి వరస. చాలా ఏళ్లు సాగర్ కాలువ మీద గేట్లెత్తే లస్కరుగా చేసి వచ్చాడు. చివరి పొలానికి నీళ్లందకపోతే గేటు ఇంకాస్త ఎత్తడం ఆయన చేతికి అలవాటు. చేరిన కొత్తలో ఇక్కడా అదే చేశాడు. పైన సాల్వెంట్ రావడం తగ్గిందని నీళ్ల వాల్వు ఇంకో చుట్టు తిప్పి కాలమ్‌ను ముంచాడు. తప్పు చేసినవాడిగా ఆయన పేరు షిఫ్ట్ రిజిస్టరుకెక్కింది.

"ఇది కాలువ కాదు బాబాయ్. నీళ్లే తోసుకొస్తుంటే సాల్వెంట్ ఎట్టా ఎక్కుద్ది?" అని తిట్టాను. ఆ మర్నాడే ఆయన వాల్వు పక్కనే నీళ్ల జోరు చూపే ఫ్లోమీటరు గాజు గొట్టం మీద ఎర్ర పెయింటుతో గీత పెట్టుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ అది దాటలేదు.

ఒక మధ్యాహ్నం మేనేజరు విసురుగా వచ్చాడు. సరుకు సాయంత్రానికల్లా వెళ్లాలట.

"నీళ్లు పెంచవయ్యా."

"గీత కాడ ఉందండీ. దాటితే మునుగుద్ది," అన్నాడు బాబాయ్.

"గీత నువ్వు గీసిందేగా! తిప్పు."

"ఆ కాలమ్‌కి పట్టేది అంతే సార్," అన్నాను నేను.

"ఏందమ్మా, నాకే నేర్పుతావా?" అని ఆయన మళ్లీ అరిచేసరికి బాబాయ్ వాల్వు తిప్పాడు.

పావుగంట కూడా పట్టలేదు. అద్దం తెల్లబడింది. కింది నీళ్ల ట్యాంకు నుంచి సాల్వెంట్ వాసన గుప్పుమంది. నేనే పరిగెత్తి నీళ్లదీ సాల్వెంట్‌దీ రెండు వాల్వులూ కట్టేశాను. కాలమ్ తేరుకునేసరికి పొద్దుపోయింది. సరుకు వెళ్లలేదు.

మేనేజరు రిజిస్టరు తెచ్చి నా ముందు పడేశాడు. "ఆపరేటర్ పొరపాటున వాల్వు ఎక్కువ తిప్పాడని రాయి. ఇంతకుముందూ చేశాడుగా, ఎవరైనా నమ్ముతారు."

రెండోసారి పేరెక్కితే బాబాయ్ ఉద్యోగం పోతుంది. అది మా ముగ్గురికీ తెలుసు.

"రాసెయ్ అమ్మాయ్," అన్నాడు బాబాయ్ తల దించుకుని. "నా కోసం నీ ఉద్యోగం పోగొట్టుకోమాక."

నాకు ఒళ్లు మండిపోయింది. మేనేజరు మీద కన్నా ఆయన మీదే ఎక్కువ మండింది. తన హద్దు తనే గీసుకుని నిలబడిన మనిషి తలెందుకు దించాలి?

"గీత దాటితే కాలమ్ మునుగుతుందని ఆపరేటర్ చెప్పాడు. నేనూ చెప్పాను. మేనేజరు ఆదేశం మీద నీళ్లు పెంచాం. మునిగింది." అలా రాసి, టైము వేసి, సంతకం పెట్టాను.

మేనేజరు చదివి ఆ పేజీ చింపి ఉండ చుట్టాడు. "సరిగ్గా రాయి. లేకపోతే రేపు ఇద్దర్నీ గేటు దగ్గరే ఆపిస్తా."

మా రిజిస్టరులో ప్రతి పేజీకీ నంబరు అచ్చువేసి ఉంటుంది. తర్వాతి పేజీలో చింపిన పేజీ నంబరు, చింపినవారి హోదా రాశాను. దాని కింద ముందు రాసిందే అక్షరం మార్చకుండా మళ్లీ రాశాను, కాస్త పెద్ద అక్షరాలతో. అప్పుడు బాబాయ్ వచ్చి పెన్ను అడిగాడు. నా సంతకం కింద తీరిగ్గా తన సంతకం పెట్టాడు. ఈ పేజీ చింపడానికి మేనేజరు చెయ్యి రాలేదు.

మర్నాడు ఇద్దరం కావాలనే పావుగంట ముందు గేటు దగ్గరికి కలిసి వెళ్లాం. ఎవరూ ఆపలేదు. బాబాయ్ తిన్నగా ఫ్లోమీటరు దగ్గరికి వెళ్లి, ఇంటి నుంచి తెచ్చుకున్న పెయింటు డబ్బా మూత తీసి, గీతను ఇంకాస్త లావుగా దిద్దాడు.