వదినలు మోసిన పెద్ద బెంచీ

దర్జీ అక్కకు కోపం వస్తే ముందు కత్తెర మాట్లాడుతుంది. గుడ్డ కచకచా తెగుతోందంటే ఆ పూట ఆవిడ జోలికి వెళ్ళకూడదని వీధిలో అందరికీ తెలుసు. ఆ నెలంతా కత్తెర నోరు మూయలేదు. కారణం ఎవరో కాదు, స్వయానా ఆడపడుచు. కేకుల కొట్టు నడిపే వదిన.

చర్చి పాటల బృందానికి కొత్త అంగీలు కుట్టింది దర్జీ అక్కే. కొలతలకు రమ్మంటే తీరిక లేదని ఏనాటిదో పాత అంగీ పంపింది వదిన. తీరా కొత్తది తొడుక్కుని, ఊపిరి బిగబట్టి, బృందమంతా వింటుండగా అననే అంది: "ఇంత బిగుతేంటి? మరి మిగిలిన గుడ్డ ఎక్కడికి పోయినట్టు?"

అంటే ఏమిటి, దొంగనేగా! అదీ చర్చిలో!

ఇక చూసుకోండి, సంఘం నిలువునా రెండుగా చీలింది. కుడి బెంచీలు కేకులవి, ఎడమ బెంచీలు కత్తెరవి. ఒకవైపు పాట సాగదీస్తే రెండోవైపు పరుగెత్తించేవారు. పాస్టరుగారు ప్రార్థన ముగిస్తే రెండుసార్లు ఆమెన్ వినపడేది. ఎవరి ఆమెన్ వారిదే. ఛీ ఛీ, దేవుడికైనా తలనొప్పి రాదూ!

మొదట పాస్టరుగారు ఒక్కరే వెళ్ళి ఇద్దరికీ విడివిడిగా చెప్పి చూశారు. తర్వాత సంఘ పెద్దల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు. పెద్దలకు వదిన కొట్లో కేకు ముక్కలు దక్కాయి, దర్జీ అక్క దగ్గర ఊడిన గుండీలు కుట్టించుకోవడం దక్కింది. రాజీ మాత్రం దక్కలేదు.

దర్జీ అక్క అసలు దిగులు వేరు. వచ్చే శనివారం కూతురి పెళ్ళి. "అత్త రాకపోతే నేను చర్చి గడప తొక్కను," అని పిల్ల మొండికేసింది. ఆ పిల్లకు మొదటిసారి జడ వేసింది వదినే. కానీ ముందు తను పలకరించడమా? తల పోయినా సరే!

ఆదివారం ఆరాధన అవగానే పాస్టరుగారు చల్లగా అన్నారు: "పెద్ద బెంచీ."

ఆ సంఘంలో అది ఆఖరి మందు. కొట్లాడుకున్న ఇద్దరే ఆ పొడవాటి బెంచీని పెరట్లోకి మోసి, కడిగి, తిరిగి తేవాలి. క్షమాపణలు అక్కర్లేదు. కాకపోతే గుమ్మం ఇరుకు, దాటగానే వసారా మలుపు. "ఎత్తు, దించు, నీ వైపు తిప్పు" అనుకోకుండా అది బయటికి రాదు.

పాటల బృందం అంగీ ఇంకా విప్పని వదిన ముందు, దర్జీ అక్క వెనక. బెంచీ గుమ్మంలో ఇరుక్కుంది. లోపల సంఘమంతా బందీ.

"పాస్టరుగారూ, కాస్త పైకెత్తమని వాళ్ళకి చెప్పండి," అంది దర్జీ అక్క గోడతో చెప్పినట్టు.

"వాళ్ళంటే ఎవరో నాకు తెలీదమ్మా," అన్నారాయన పైకప్పు చూస్తూ.

"నాకు ఆకలేస్తోంది," అన్నాడు వెనక బెంచీలోంచి ఎలక్ట్రీషియను.

దర్జీ అక్కకు ఒళ్ళు మండి బెంచీని ఒక్క తోపు తోసింది. అప్పుడు కనపడ్డాయి, బెంచీకీ వసారా గోడకూ మధ్య వదిన వేళ్ళు. కేకుల మీద పువ్వులు పూయించే వేళ్ళు!

"వదినా! చెయ్యి తియ్యి!"

అరుస్తూనే బెంచీని వెనక్కి లాగి తన కాలిమీదే పడేసుకుంది. "అయ్యో వదినా!" అంటూ వదిన వంగి బెంచీ ఎత్తబోయింది. పర్రుమంది అంగీ! చంక నుంచి నడుం దాకా కుట్లు ఊడి, లోపల మడతపెట్టిన గుడ్డంతా బయటికి వేలాడింది.

"ఇదేంటి?"

"మిగిలిన గుడ్డ," అంది దర్జీ అక్క కాలు పట్టుకుని. "ఎప్పుడైనా విప్పుకోవచ్చని లోపలే వదిలా."

"మరి ఆ రోజే చెప్పొచ్చుగా!"

"నువ్వు లావెక్కావని అందరి ముందూ చెప్పమంటావా?"

వదిన మొహం ఎర్రబడింది. "అంటే నేను లావెక్కానన్నమాట!"

"ఇంకో బెంచీ కూడా ఉంది," అన్నారు పాస్టరుగారు.

"ఆమెన్!" అంది సంఘమంతా. కుడీ ఎడమా కలిసి, ఒకేసారి.

వదినకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. "నా నోరు పడిపోను, నిన్ను దొంగన్నానే. ఏదీ, కాలు చూపించు."

తర్వాత బెంచీ "ఎత్తు", "దించు", "నీకు కళ్ళు లేవా" అనుకుంటూ పెరట్లోకి చేరింది. నీళ్ళు పోస్తూ వదిన అడిగింది: "పిల్ల పెళ్ళి గౌనులో కూడా గుడ్డ వదిలావా?"

"వదిలాలే. ఏం?"

"ఇంకాస్త వదులు. శనివారం నా కేకు తినాలిగా."