ఎత్తకూడని ఫోను

మా ఊళ్లో ఫోను మోగితే ఎత్తకూడదు. ఎత్తితే తిట్లు తినాలి.

ఇది నేను అల్లిన కథ కాదు. వెల్దుర్తి వైపు మెట్ట ఊరు మాది. మంచినీళ్ల కుళాయికి వేళాపాళా ఉండదు. నీళ్లు రావడం ఎవరు ముందు చూస్తే వాళ్లు మిగతా ఇళ్లకు ఒక్క రింగు ఇచ్చి కట్ చేస్తారు. ఒక్క రింగంటే నీళ్లొచ్చాయని అర్థం. దగ్గరి చేలల్లో ఉన్నవాళ్లు సైతం పని వదిలి బిందెల కోసం ఉరుకుతారు. మాట్లాడితే బ్యాలెన్సు కరిగిపోయే రోజుల్లో పుట్టిన పద్ధతి ఇది. ఇప్పుడు ఎంతసేపైనా మాట్లాడుకోవచ్చు, కానీ అలవాటు పోలేదు. ఎవరైనా మరిచిపోయి ఎత్తి హలో అన్నారనుకోండి, "ఎందుకెత్తావే? మిస్‌కాలని తెలవదా?" అని అవతలినుంచి కేక వినబడుతుంది.

నేను మిరప కోతల్లో కథలు చెప్పే మనిషిని. సాలు పొడుగునా నా నోరు ఆడుతుంటే తక్కినవాళ్ల చేతులు ఆడతాయి. కాలువలో పడిన నా ఫోనును చేప మింగిందనీ, మూడోరోజు దాని పొట్టలోంచి మా ఆయనకు రింగు వచ్చిందనీ, ఆయన ఎత్తకుండా బిందె పట్టుకుని కుళాయి దగ్గరికి ఉరికాడనీ ఒకసారి చెప్పాను. సగంమంది నవ్వారు, ఒకామె మాత్రం ఏ చేప అని అడిగింది.

నోటితో ఆగి ఉంటే బాగుండేది. ఒక మధ్యాహ్నం కుళాయిలో చుక్క లేకపోయినా వీధి వీధంతటికీ రింగులు ఇచ్చి, అరుగు మీద కూర్చున్నాను. చెమటలు కక్కుకుంటూ అందరూ బిందెలతో వచ్చారు.

"ఏవే నీళ్లు?" అంది పక్కింటి వదిన. వరసకు వదిన అంతే, చుట్టరికం లేదు.

"ఇప్పటిదాకా వచ్చినయ్ వదినా. మీ మొహాలు చూసి జడుసుకుని వెనక్కి పోయినయ్."

అందరూ తిట్టిపోశారు. వదిన బిందె చంకన పెట్టుకుని పోతూ వెనక్కి తిరిగింది. "నవ్వుకో. నిన్నూ ఉరికిస్తా, చూస్తా ఉండు."

ఇక్కడినుంచి నేను ఒక్క ముక్క కూడా కలపను.

మర్నాడు ఎండ నడినెత్తి మీద ఉండగా నా ఫోను ఒక్కసారి మోగి ఆగింది. వదిన నంబరు. చూశావా, తొందరగానే మొదలుపెట్టింది అనుకున్నాను. మళ్లీ మోగి ఆగింది. కాసేపటికి ఇంకోసారి. మూడుసార్లు ఉరికించాలని చూస్తోంది కాబోలనుకుని, ఫోను బోర్లా పెట్టి బియ్యంలో రాళ్లు ఏరుకున్నాను. నవ్వుకున్నాను కూడా.

గంట దాటాక నిజంగానే నీళ్లు వచ్చాయి. నేనే అందరికీ రింగులిచ్చాను. నిన్నటి దెబ్బకు నమ్మక, కొందరు ఖాళీ చేతులతో చూడ్డానికి వచ్చారు. వదిన అసలు రాలేదు. పొద్దున వరసలో పెట్టిపోయిన ఆమె బిందె కుళాయి గట్టు మీద ఒక్కటే ఉంది. నీళ్లొస్తే ఆగే మనిషి కాదు ఆమె. ఇంకో రింగు ఇచ్చాను. రాలేదు. అప్పుడు కట్ చేయకుండా పూర్తిగా మోగనిచ్చాను. ఎవరూ ఎత్తలేదు. పొద్దున ఆమె చేనుకు పోవడం గుర్తొచ్చింది.

ఊరి చివర వాళ్ల కౌలు చేనుకు ఎట్లా పోయానో నాకు తెలియదు. పురుగు మందు కొట్టే ట్యాంకు వీపు మీదినుంచి జారి పక్కకు పడి ఉంది. వదిన గట్టు మీద ఒరిగిపోయి ఉంది. నోటి వెంట చొంగ, ఒళ్లంతా చెమట, పిలిస్తే పలకడం లేదు. మొహానికి గుడ్డ కూడా కట్టుకోలేదు. వాళ్లాయన మోటారు బాగుచేయించడానికి మాచర్ల వెళ్తే, పని ఆగిపోతుందని తనే మందు కలుపుకుని కొట్టింది. కీప్యాడ్ ఫోను చేతిలోనే ఉంది.

నా కేకలకు పక్క చేనువాళ్లు వచ్చారు. ఆటోలో ఆసుపత్రికి చేర్చాం.

"మందు తాగిందా?" అన్నాడు డాక్టరు.

"తాగలా అయ్యా. కొట్టింది."

మా దగ్గర మందు అన్న ఒక్క మాటతో ఆడమనిషి బతుకు మీద ఎన్ని కథలైనా పుడతాయి. కథలు పుట్టించేదాన్ని నాకు తెలియదా? తాగలా, తాగలా అని ఇంకో రెండుసార్లు చెప్పాను.

"ఎప్పుడు మొదలైంది?"

ఆ ప్రశ్నకు జవాబు నా ఫోనులో ఉంది. వరసగా మూడు మిస్డ్ కాల్స్, పక్కనే టైము. తెరిచి చూపించాను. పన్నెండూ పది అని ఆయన కాగితం మీద రాసుకున్నాడు. అప్పటికి రెండు దాటింది. అప్పుడే వచ్చిన వదిన భర్త నా భుజం మీదుగా ఆ తెర చూశాడు.

"మూడుసార్లు చేసిందా చెల్లెమ్మా?"

"చేసింది అన్నయ్యా."

ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

మూడోరోజుకు వదినకు మాట వచ్చింది.

"ఆ రోజు నీళ్లొచ్చినయ్యా?"

"వచ్చినయ్ వదినా."

"నా బిందె పట్టావా?"

"పట్టలా."

"నాకు తెలుసులే."

నాకు ఆగక అడిగేశాను. "కట్ ఎందుకు చేశావు వదినా? మోగనిస్తే ఎత్తేదాన్నిగా."

ఆమె తన బొటనవేలి వంక చూసుకుంది. "ఏమోనే. కళ్లు చీకట్లు కమ్మినయ్. యేలు మాత్రం దాని అలవాటున అది నొక్కేసింది."

వదిన బతికింది. కుడిచేతి వేళ్లలో వణుకు మిగిలింది. మునుపటిలా కాయ తుంచలేదు.

ఆమె ఇంటికొచ్చిన వారానికి పొదుపు సంఘం మీటింగులో నేను లేచి ఆ మూడు కాల్స్ సంగతి చెప్పి, ఇక ఫోనులో అబద్ధం ఆడనని ఒట్టు పెట్టుకున్నాను. నవ్వుదామని సిద్ధంగా కూర్చున్నవాళ్లు నవ్వలేదు. నీళ్లకు ఒక్క రింగు అట్లాగే ఉంచుకున్నాం. రెండోసారి మోగితే మాత్రం ఎవరైనా, ఎక్కడున్నా ఎత్తాలి, మాట వినబడకపోతే కదలాలి. ఒంటరిగా మందు కొట్టడానికి వీల్లేదు. తప్పనప్పుడు ట్యాంకు నింపిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి ఫోను చేసి పలకాలి. "ఫోన్లు కొడితే పురుగు చచ్చిద్దా?" అని మగవాళ్లు ఎగతాళి చేశారు. వదిన తన చెయ్యి చాపి చూపించింది. మరుసటి మందుకు వాళ్లాయన మొహానికి తువ్వాలు చుట్టుకుని, ట్యాంకు నింపినప్పుడల్లా ఆమెకు ఫోను చేసి, "ఉన్నానే" అన్నాడు. ఇప్పుడు కారంపూడి వైపు కోతలకు వెళ్లే ముఠాలూ ఇట్లాగే చేస్తున్నాయని విన్నాను.

కథలు నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. వదిన గట్టు మీద కూర్చుని తెల్లబారిన తాలుకాయలు ఏరుతూ వింటుంది. కథ మరీ మితిమీరినప్పుడు వణికే చేత్తో తన ఫోను నా వైపు చాపుతుంది.

"ఏదీ, ఇదే ముక్క ఇందులో చెప్పు."

నేను నోరు మూసుకుని కాయలు కోస్తాను.