మందకు ఇంగ్లీషు మాట

నాకు పద్నాలుగేళ్ళు నిండని ఎండాకాలం అది. గార్ల దగ్గర మిషన్ హాస్టల్లో ఉండి చదువుకునేదాన్ని. సెలవులకు నర్సింహులపేట పక్కనున్న మా ఊరికి వస్తూ ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం వెంట తెచ్చుకున్నాను. బడి తెరవగానే సమూహనామాలు తప్పు లేకుండా అప్పజెప్పాలని టీచరమ్మ చెప్పి పంపింది. గొర్రెలకు ఫ్లాక్, ఆవులకు హెర్డ్, తోడేళ్ళకు ప్యాక్, తేనెటీగలకు స్వార్మ్. ఆ పేజీలో చివరి మాట జంతువులది కాదు, దొంగలది. గ్యాంగ్. వాకిట్లో అటూ ఇటూ నడుస్తూ గట్టిగా వల్లించేదాన్ని. మా బాపు చర్చిలో పాటలు పాడించేవాడు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు.

"మనకు గొర్లయినా మందనే, ఆవులయినా మందనే. వాళ్ళకు గిన్ని పేర్లెందుకు బిడ్డా?" అని నవ్వేవాడు.

అప్పటికి మా ఊరి గడి ఖాళీ అయి ఏడాది దాటింది. దొర, పట్వారీ ఇద్దరూ పట్నం వెళ్ళిపోయారు. దొరల మీద తిరగబడ్డ సంఘం పంచిన చెలక భూముల్లో మావాళ్ళు ఒక పంట తీసుకున్నారు. తర్వాత మిలిటరీ వచ్చి ఊరి బయట డేరాలు వేసింది. సంఘం దళంలో తుపాకి పట్టినవాళ్ళు గుట్టలు పట్టారు. ఊళ్ళో మిగిలినవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి వాళ్ళ జాడ అడిగేవారు. మిలిటరీ ఆఫీసరుకు తెలుగు రాదు, ఉర్దూ అంతకన్నా రాదు. ఇంగ్లీషు చదివే పిల్ల ఉందని ఎవరు చెప్పారో, ఒక పొద్దున సిపాయి మా గుమ్మం ముందు నిలబడ్డాడు. బాపు నాతో వచ్చాడు.

డేరా ముందు గొర్లు కాసే కురుమ తాత నేల మీద కూర్చుని ఉన్నాడు. మా వాడకట్టు మనిషే, నన్ను చిన్నప్పుడు భుజాన మోసినవాడు. గుట్ట వైపు ఎవరు పోయారో అడగమన్నాడు ఆఫీసరు. అడిగాను.

"ఎవలు పోతరు బిడ్డా? పొద్దుగాల మంద పోయింది, గంతే."

మందకు మాట వెతుక్కున్నాను. వల్లించిన పేజీ అంతా కళ్ళ ముందే ఉంది కానీ ఒక్క అక్షరం నిలవడం లేదు. ఆఫీసరు పెన్నుతో బల్ల మీద కొట్టాడు. నా నోట గ్యాంగ్ అని వచ్చింది.

ఆయన నిటారుగా కూర్చున్నాడు. ఎంత లెక్క అని అడిగాడు.

"అర్వై దాక ఉంటయి," అన్నాడు తాత.

నేను సిక్స్టీ అన్నాను. ఉంటరు కాదు, ఉంటయి అన్న ముక్క ఇంగ్లీషులోకి పోలేదు.

ఆఫీసరు కేక వేశాడు. పదిమంది దాకా తుపాకులు తీసుకుని గుట్ట వైపు నడిచారు. అప్పుడు నాకు ఫ్లాక్ అన్న మాట గుర్తొచ్చింది. తప్పు చెప్పానని అంటే కొడతాడేమో, తాతను కాపాడడానికి అబద్ధమాడుతున్నానని అనుకుంటాడేమో. సిపాయిలు డేరాలు దాటి చెలకల్లోకి దిగేదాకా నోరు తెరవలేదు. బాపు నా ముఖం చూశాడు.

"ఏమైంది బిడ్డా?"

చెప్పాను. ఆయన నా వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోశాడు. "చెప్పు. ఇప్పుడే చెప్పు."

"షీప్ సర్. ఓన్లీ షీప్," అన్నాను.

ఆఫీసరు లేచి, వాళ్ళను వెనక్కి పిలవమని ఒకణ్ణి పరుగెత్తించాడు. వాడు సగం దూరం పోకముందే రెండుసార్లు తుపాకి పేలింది. తాత లేచి నిలబడ్డాడు. మంద తోలుకుపోయింది ఆయన తమ్ముడు. సిపాయిలను చూసి భయపడి పరుగెత్తాడట. గుండు మోకాలికి తగిలింది. జీపులో వేసి మానుకోట దవాఖానకు తీసుకుపోయారు. ఆఫీసరు నన్ను ఏ క్లాసు చదువుతున్నావని అడిగి, ఇంటికి పొమ్మన్నాడు.

కాలు తీసేశారు. క్రిస్మస్ సెలవులకు వచ్చినప్పుడు, "నీ నోటితోనే చెప్పిరా," అని బాపు పంపాడు. తాత తమ్ముడు అరుగు మీద కూర్చుని ఉన్ని వడుకుతున్నాడు. జరిగిందంతా చెప్పాను. ఆయన కదురు ఆపి విన్నాడు.

"తుపాకుల నడుమ నిలవెడితె పెద్దోళ్ళకే మాట రాదు. నువ్వెంత, చిన్నపిల్లవు. పో, పోయి చదువుకో బిడ్డా."

ఆయన భార్య పాలు కాగే దాలి దగ్గర నిలబడి అంతా వింది. అప్పటి నుంచి గొర్రెల వెంట ఆమే పోయేది. నేను పెళ్ళయి జనగామ వెళ్ళేదాకా, సెలవులకు ఇంట్లో ఉన్న ప్రతి పొద్దునా కర్ర పట్టుకుని మా వాకిలి ముందు నుంచే నడిచేది. మా అమ్మను పలకరించేది, బాపును పలకరించేది. నన్ను మాత్రం ఒక్కసారీ పలకరించలేదు.