రెండో పేజీ మీద పేరు లేదు

పోయిన సోమవారం పొద్దున పుంగనూరులో నా డీటీపీ సెంటర్ షట్టర్ సగం ఎత్తానో లేదో ఫోన్ మోగింది. మదనపల్లె నుంచి సార్ భార్య. "మీ సార్ ఇంక లేడమ్మా. కాఫీ తాగి కుర్చీలో కూసున్నాడు. గ్లాసు తీసుకుందామని పోతే పలకలేదు" అంది. ఆమె గొంతులో ఏడుపు లేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. నేను షట్టర్ కింద వంగి అలాగే నిలబడిపోయాను.

ఆయన బళ్ళో పాఠాలు చెప్పిన సార్ కాదు. ఆఫీసుల్లో కంప్యూటర్లకు కేబుళ్ళు లాగి, అన్నిటికీ కలిపి ఒకే ప్రింటర్ పనిచేసేలా అమర్చడం ఆయన పని. తొంభైల చివర్లో మదనపల్లె టమోటా మండీలకు, పట్టు వ్యాపారుల గదులకు కంప్యూటర్లు వస్తున్న కాలంలో జనం ఫ్లాపీలు పట్టుకుని ప్రింటరున్న బల్ల దగ్గర వరస కట్టేవాళ్ళు. ఆ అవస్థ తప్పించిన మనిషిగా ఆయనకు మూడు ఊళ్ళలో పేరు. నాకు ఈరోజు తిండి పెడుతున్న పని ఆయన నేర్పిందే. అయితే ఆయన్ని తలుచుకుంటే పని కంటే ముందు నాకు కుప్పంలో గడిచిన ఒక వారం గుర్తుకొస్తుంది. ఇన్నేళ్ళుగా దాన్ని ఎవరికీ చెప్పలేదు. ఆయన లేరు కాబట్టి చెబుతున్నాను. ఉంటే "చెప్పాల్సింది ఎప్పుడో చెప్పుండాల" అనేవారు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను కుప్పంలో ఒక రక్తపరీక్షల ల్యాబులో కంప్యూటర్ ఆపరేటర్‌గా చేరాను. రెండు కంప్యూటర్లు, ఒక డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్. దాంట్లోంచి కాగితం తెగకుండా ఒకటే పట్టీగా వచ్చేది, పేజీలు చేత్తో చింపుకోవాలి. ప్రింటర్ నా బల్ల మీద ఉండేది. రెండో కంప్యూటర్ లోపలి గదిలో. రెండూ కలపడానికి సార్ తెల్లారే మదనపల్లెలో బస్సెక్కి మధ్యాహ్నానికి వచ్చారు. గోడ వెంట కేబుల్ లాగి, తీగలన్నీ కలిసే హబ్ పెట్టి, లోపలి కంప్యూటర్ నుంచి టెస్ట్ పేజీ కొట్టారు. బయట నా ముందు ప్రింటర్ దానంతట అది కరకరమని కదిలింది. నేను చప్పట్లు కొట్టాను. సార్ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని ప్రింటర్ వైపే చూస్తూ నిలబడ్డారు.

"ఏం సార్, ఏమన్నా తేడాగా ఉందా?"

"సక్కగా పని సేస్తాండాదమ్మా. అందుకే నాకు భయం. సెడిపోయిన మిషన్ను అందరూ కనిపెట్టుకోని ఉంటారు. బాగుండే దాన్ని ఎవురూ సూడరు."

తర్వాత ల్యాబు యజమానిని పిలిచి తన అనుమానం చెప్పారు. "మీ రిపోర్టు ప్రోగ్రాం పాతది. రెండు పేజీలనూ ఒకేసారి పంపదు, ఒక్కో పేజీ విడిగా పంపుతాది. రెండు కంప్యూటర్లలో ఒకే టయానికి ప్రింట్ కొడితే ఒకరి పేజీల మధ్యలో ఇంకొకరి పేజీ దూరుతాది. మొదటి పేజీ మీద పేరుండాది. రెండో పేజీ మీద లేదు."

"చింపేటప్పుడు పాప చూసుకుంటుందిలే సార్" అన్నాడు యజమాని నన్ను చూపించి. "ప్రోగ్రాం రాసినాయన బెంగుళూరులో ఉండాడు. వచ్చినప్పుడు మార్పిద్దాం."

"మండీలో రెండు చీటీలు తారుమారైతే తిట్టుకోని మళ్ళా రాసుకుంటారు. ఈడ కాయితం తారుమారైతే మనిషే తారుమారు."

యజమాని నవ్వాడు. నేనూ నవ్వాను. సార్ సంచి భుజాన వేసుకుని వెళ్ళేటప్పుడు నా దగ్గర ఆగి, "నువ్వే సూసుకోవాలమ్మా" అన్నారు. ఆ మాట నాలుగు నెలలు గుర్తుంది. తర్వాత పోయింది.

బెంగుళూరు ఆయన రాలేదు. లోపలి కంప్యూటర్ నుంచి ప్రింట్ అప్పుడప్పుడు రాకపోతుంటే సార్‌ను మళ్ళీ పిలిపించారు. వచ్చి కనెక్షన్ సరిచేసి, "ముందు ప్రింట్ చేసిన రిపోర్టు ఏదైనా ఒకటి మళ్ళీ కొట్టమ్మా, అక్షరాల వరస సూస్తాను" అన్నారు. మూడు రోజుల కిందట ఇచ్చిన రిపోర్టు కొట్టాను. రామకుప్పం దగ్గర పల్లె నుంచి వచ్చిన కృష్ణప్ప అనే పెద్దాయనది. మా దగ్గర మిగిలిన కార్బన్ కాపీ పక్కన పెట్టుకుని సార్ గీతలు పోల్చి చూస్తున్నారు. చూస్తూ చూస్తూ ఆగిపోయారు.

"ఇదేందమ్మా? ఆ పొద్దు సక్కెర నాలుగు వందల పన్నెండు. ఈ పొద్దు ఎనబై ఎనిమిది."

 ఆ రోజు నాకు జ్ఞాపకముంది. గదినిండా జనం. రెండు రిపోర్టులు వెంటవెంటనే వచ్చాయి. చింపి, పిన్ను కొట్టి, పేర్లు పిలిచి ఇచ్చేశాను. రెండోది మునెమ్మ అనే ఆమెది. ఆమె కాపీ తీసి చూశాం. రెండో పేజీలో ఎనభై ఎనిమిది ఉంది. కంప్యూటర్లో ఆమె చక్కెర నాలుగు వందల పన్నెండు.

యజమాని తలుపు మూసి, "ఎవరికీ చెప్పొద్దండి. ఏదన్నా ఉంటే వాళ్ళే తిరిగొస్తారు" అన్నాడు.

"తిరిగొచ్చేదానికి మనుషులు ఉండాల గదా" అన్నారు సార్. సంచి తీసుకుని, "పదమ్మా" అన్నారు.

"నేనెందుకు సార్?" అన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ నేనన్న మాట అదే.

"చింపింది నువ్వు, తీగలు కట్టింది నేను. ఇద్దరం పోవాల."

రామకుప్పంలో బస్సు దిగి పల్లెకు నడిచాం. దారి పక్కన రాగి చేను నేలమట్టంగా పడుంది. ఏనుగులు దిగాయని, ఇంకా అడవిలోకి పోలేదని, గబగబా నడవమని ఎదురొచ్చిన రైతు చెప్పాడు. మిట్టమధ్యాహ్నం ఊరి వీధిలో ఒక్కరూ లేరు. సార్ చొక్కా వీపంతా తడిసిపోయింది.

కృష్ణప్ప ఇంటి అరుగు మీద పడుకుని ఉన్నాడు. ఒళ్ళంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. ఏదో అంటున్నాడు కానీ మాట ముద్దగా ఉంది. భార్య పక్కన కూర్చుని విసురుతోంది.

"నిన్నట్నుంచీ ఇట్లే ఉండాడప్పా. మీ కాయితం సూసి మా ఊరికొచ్చే డాక్టరు సక్కెరకు సూది ఏసినాడు. నిన్నొకటి, ఈ పొద్దొకటి. గాలి సోకిందేమో అనుకుంటాండా."

"ఆ సూదికి సక్కెర మరీ దిగిపోయిండాది. బెల్లం ఉండాదా అమ్మా? నీళ్ళల్లో కలుపుకోని రా. బిరీన" అన్నారు సార్. ఆమె జంకింది. చక్కెర ఉన్న మనిషికి బెల్లమా అని. సార్ గొంతు పెంచారు. ఆమె తెచ్చింది. కృష్ణప్ప తల ఒళ్ళో పెట్టుకుని, మింగుతున్నాడో లేదో చూసుకుంటూ కొంచెం కొంచెంగా తాగించారు. ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. నేను గోడకు ఆనుకుని మా ల్యాబుకు వచ్చిన అందరి పేర్లూ గుర్తు చేసుకుంటూ ఉన్నాను. ఇలాంటివి ఇంకెన్ని ఇచ్చుంటాను?

కృష్ణప్ప కళ్ళు తెరిచి, "ఎవురప్పా మీరు?" అన్నాడు.

సార్ నా వైపు చూసి, "చెప్పమ్మా" అన్నారు.

చెప్పాను. ఏడుస్తూ, తడబడుతూ, కాగితం ఎలా మారిందో చెప్పాను. తిడతారనుకున్నాను, కొడతారనుకున్నాను. కృష్ణప్ప భార్య ఆ పాత రిపోర్టు తెచ్చి అటూ ఇటూ తిప్పి చూసింది. ఆమెకు చదువు రాదు.

"అయితే ఈ సక్కెర ఎవురిదమ్మా?" అంది.



ఆటో పిలిపించి కృష్ణప్పను కుప్పం ఆసుపత్రికి తెచ్చాం. ఆ రాత్రి ఉంచుకుని మర్నాడు పంపించారు. ఆయన బతికాడు. తర్వాత చాలా ఏళ్ళు బతికాడు.

మునెమ్మకు మా పుస్తకంలో రాసుకున్న అడ్రసు "కుప్పం" అని మాత్రమే. సార్ మదనపల్లె వెళ్ళలేదు. కుప్పంలోనే తెలిసినవాళ్ళ ఇంట్లో ఉండి నాతో పాటు వీధి వీధీ తిరిగారు. మందుల షాపుల్లో అడిగాం, రేషన్ షాపులో అడిగాం. మునెమ్మలు ఏడుగురు దొరికారు, వాళ్ళలో ఆమె లేదు. సాయంత్రాలు ల్యాబులో కూర్చుని ఆయన ఫోన్లో బెంగుళూరు ఆయన చేత చెప్పించుకుంటూ తానే ప్రోగ్రాం మార్చారు. ప్రతి పేజీ మీదా పేరు, వయసు, నంబరు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అంతా నేర్పారు. ఒక్క మాట కూడా ఓదార్పుగా అనలేదు. ఒకసారి నేనే అడిగాను, "తప్పు నాదేనా సార్?" అని. "నీది కాదని నేను చెప్పను. నాదీ ఉండాది. ఇద్దరం మోస్తే నడవగలం" అన్నారు. ఆ మాటకు ఆయనకు జీవితాంతం రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత ఆయన ఏ ఆఫీసులో ప్రింటర్ పెట్టినా ప్రతి పేజీ మీదా పేరు వచ్చేదాకా అక్కణ్ణుంచి కదిలేవారు కాదట. పుంగనూరు విత్తనాల షాపులో ఆయన్ని చూసి నవ్వేవాళ్ళు. ఆయన నవ్వేవారు కాదు.

కుప్పంలో వెతకడం మొదలుపెట్టిన నాలుగో రోజు ఒక మందుల షాపాయన చెప్పిన గుర్తు పట్టుకుని మునెమ్మ ఇల్లు కనుక్కున్నాం. రైల్వే గేటు అవతల ఇరుకు సందు, రేకుల ఇల్లు. తాళం వేసి ఉంది. "బెంగుళూరికి బిల్డింగు పనికి పోయినారు సార్. ఒంట్లో ఏమీ లేదంట, రిపోర్టు బాగొచ్చిందంట, ఆ దైర్నంతో పోయింది" అంది పక్కింటామె. ఎక్కడున్నారో ఆమెకు తెలియదు. తర్వాత మేము రెండుసార్లు వెళ్ళాం. మూడోసారికి వేరేవాళ్ళు అద్దెకున్నారు. మునెమ్మ ఏమైందో మాకు ఈనాటికీ తెలియదు.

మొదటిసారి వెళ్ళిన ఆ మధ్యాహ్నం సార్ సరైన రిపోర్టు తీసి, దాని మీద పెద్ద అక్షరాలతో "అమ్మా, ముందిచ్చిన కాయితం తప్పు. వెంటనే డాక్టరు దగ్గరికి పో" అని రాశారు. మోకాళ్ళ మీద కూర్చుని తలుపు కింది సందులోంచి దాన్ని లోపలికి తోశారు. ఒక అంచు బయటే ఉండిపోయింది. చూపుడువేలితో దాన్ని కూడా పూర్తిగా నెట్టారు. ఆ తర్వాత కూడా లేవలేదు. చెవి తలుపుకు ఆనించి, లోపల ఎవరైనా ఆ కాగితం తీసుకుంటారేమో అన్నట్టు చాలాసేపు వింటూ ఉండిపోయారు.