నది దాటని సైన్యం

మా ఆయన వెండెల్ ముప్పయ్యొక్క ఏళ్ళు అమెరికాలోని టొలీడోలో ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చూశాడు. దేశం దాటడమంటే ఒక్కసారి నయాగరాకు వెళ్ళి కెనడా వైపు ఫోటో దిగడమే. అయినా రిటైరయ్యాక విదేశాంగ విధానం మీద ఆయన చదవని బ్లాగు లేదు. ఒక బ్లాగుకైతే ఆయన వ్యాఖ్యల కోసమే జనం వచ్చేవారు. వంటింట్లో కుళాయి మాత్రం కారుతూనే ఉండేది. "ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత" అని దెప్పేదాన్ని.

ఆ బ్లాగులోనే ఎక్కడో దూరదేశం నుంచి ఒకావిడ 'దానిమ్మ' అనే పేరుతో రాసేది. యుద్ధం వాళ్ళ ఊరి నదికి అవతలి ఒడ్డు దాకా వచ్చిన వారం, నేరుగా వెండెల్‌నే అడిగింది. "మా అమ్మ నడవలేదు అన్నయ్యా. మీరు అన్నీ చదువుతారు కదా, ఉండమంటారా, వెళ్ళిపొమ్మంటారా?"

ఆయన గంటసేపు రాస్తూ, చెరిపేస్తూ కూర్చున్నాడు. బల్ల మీద మాంసం, బంగాళాదుంపలు చల్లారిపోతున్నాయి. నాకు ఒళ్ళు మండింది.

"ఏంటా నసుగుడు? ఆవిడ అడిగింది ఉండాలా, పోవాలా అని. ఒక్క ముక్కలో చెప్పి తిండికి రా!"

"అంత తేలిక కాదే."

"మరి ఇన్నేళ్ళు చదివి ఏం లాభం?"

రాసిందంతా తుడిచేసి, "సైన్యం నది దాటదు. ఉండండి" అని పెట్టి వచ్చాడు. ఆవిడ వెంటనే జవాబిచ్చింది: "ఇప్పుడు ధైర్యంగా ఉంది అన్నయ్యా."

సైన్యం నది దాటలేదు. అవతలి ఒడ్డు నుంచే నాలుగు రోజులు ఊరి మీద ఫిరంగి గుండ్లు కురిపించింది. ఆ తర్వాత దానిమ్మ ఒక్క అక్షరం రాయలేదు.

డిసెంబరులో బ్లాగు నడిపే ఆయన ఆ ఏడాది నిజమైన జోస్యాల జాబితా వేశాడు. మొదటిది మా ఆయనదే. తీసేయమని వెండెల్ రాస్తే, "మరీ అంత వినయమా!" అని నవ్వేశాడు. అభినందనలు నూట నలభై దాకా వచ్చాయి. వాటిలో ఆవిడ ఉందేమోనని వెండెల్ ప్రతి పేరూ వేలు పెట్టి చదివాడు. ఇప్పటికీ పొద్దున్నే కాఫీ అయినా తాగకుండా ఆ పేజీయే తెరుస్తాడు. నాకు ఆ పేజీ అంటే భయం. ఆ కాసేపూ వంటింట్లోంచి బయటికి రాను.

నన్ను మాత్రం ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. మొన్న నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఆ రోజు నేను తొందరపెట్టకపోతే ఏం రాసేవాడివి?"

ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు.

"నాకు తెలియదని రాసేవాణ్ణి."